రక్తపు బాటను కనుగొనిన వైద్యుడు: విలియం హార్వే



రక్తమునకును ప్రాణమునకును గల సంబంధమును గూర్చి లేవీయకాండము 17వ అధ్యాయములో మనము చదువుచున్నాము. ఇశ్రాయేలీయులు ఆ బోధను విని రక్తమును గౌరవించిరి. అయితే ఆ రక్తము దేహములో ఏ దారిని నడుచుచున్నది, ఎక్కడ బయలుదేరి ఎక్కడికి చేరుచున్నది, వేటిని మోసికొని పోవుచున్నది అను సంగతి ఆ తరువాత ఎన్నో వందల ఏండ్ల వరకు లోకమునకు తేటగా తెలియలేదు. దానిని వెలుగులోనికి తెచ్చినవాడు ఇంగ్లాండు దేశపు వైద్యుడైన విలియం హార్వే. ఈ నెల ఆయన జీవితమును మీ ముందుంచుచున్నాము.

నాలుగు వందల ఏండ్ల క్రిందటి ఆంగ్లేయ వైద్యునితో మన పల్లెటూరి సంఘములకు ఏమి పని అని ఎవరైన అడుగవచ్చును. పాముకాటు, రక్తదానమనిన భయము, చేతబడి చేసిరను నింద, ఈ మూడును మన గ్రామములలో ఇప్పటికిని ప్రాణముల మీదికి తెచ్చుచున్నవి. ఈ మూడింటికిని ఆయన జీవితములో జవాబు దొరకును. గనుక ఓపికతో చదువుడని మనవి.

బాల్యము, విద్య

హార్వే 1578వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన, ఇంగ్లాండు దక్షిణ తీరమున ఫోక్‌స్టన్ అను సముద్రపు రేవు పట్టణములో పుట్టెను. తండ్రి పేరు థామస్, తల్లి పేరు జోన్. వారి పిల్లలలో విలియమే పెద్దవాడు. కాంటర్‌బరీ పట్టణములోని కింగ్స్ పాఠశాలలో చదివిన పిమ్మట, 1593లో కేంబ్రిడ్జిలో చేరి 1597లో పట్టము పొందెను. ఆ కాలమున వైద్యము బాగుగా నేర్వగోరిన యౌవనస్థులు ఇటలీ దేశములోని పాడువా విశ్వవిద్యాలయమునకు పోవుచుండిరి. హార్వేయు అక్కడికే పోయెను. గెలీలియో అను గొప్ప శాస్త్రజ్ఞుడు ఆ దినములలో అక్కడనే గణితము బోధించుచుండెను.

పాడువాలో హార్వేకు గురువు ఫాబ్రీషియస్. ఈ పండితుడు సిరలలో చిన్న చిన్న తలుపులవంటి పొరలున్నవని శిష్యులకు చూపుచుండెను. వాటిని కవాటములందురు. రక్తము క్రిందికి మరీ వేగముగా దిగిపోకుండ అవి ఆపుచున్నవని ఫాబ్రీషియస్ తలంచెను. తలుపులను కన్నులార చూచినవాడు గురువు. ఆ తలుపులు ఏ దిక్కునకు తెరచుకొనుచున్నవని నిలిచి ఆలోచించినవాడు శిష్యుడు.

1602లో హార్వే వైద్య పట్టము పొంది స్వదేశమునకు తిరిగి వచ్చెను. 1604లో ఎలిజబెత్ బ్రౌన్ అను ఆమెను వివాహమాడెను. వారికి సంతానము కలుగలేదు. 1609లో లండను నగరమందలి సెయింట్ బర్తొలొమ్యూ ఆసుపత్రికి వైద్యుడుగా నియమింపబడెను. అది 1123లో స్థాపింపబడిన బీదల ఆసుపత్రి. వారమునకు ఒక దినమైనను అక్కడ కూర్చుండి, పేద రోగులను చూచి మందులు వ్రాయుట ఆయన విధి. రాజులకు వైద్యుడైన తరువాతను ఆయన ఈ ఆసుపత్రిని విడువక ఎన్నో ఏండ్లు సేవచేసెను.

పాత బోధ

ఆ దినములలో వైద్యులందరు గాలెన్ అను గ్రీకు వైద్యుని మాటనే ప్రమాణముగా ఎంచుచుండిరి. ఈయన క్రీస్తు శకము రెండవ శతాబ్దమువాడు. మనము తినిన ఆహారము కాలేయములో రక్తముగా మారుననియు, ఆ రక్తము సిరల గుండ పారి అవయవములలో ఖర్చయిపోవుననియు ఆయన నేర్పెను. కాలువ నీరు చేనికి పారి ఆ చేనిలోనే ఇంకిపోవునట్లు, రక్తము దేహములో ఇంకిపోవును, మరల క్రొత్త రక్తము పుట్టును అని ఆయన భావము. గుండె నడుమనున్న గోడలో కంటికి కనబడని రంధ్రములున్నవనియు, వాటి గుండ కొంత రక్తము కుడి ప్రక్కనుండి ఎడమ ప్రక్కకు ఊరుననియు చెప్పెను. ఆ రంధ్రములను ఎవరును చూడలేదు. అయినను పదునాలుగు వందల ఏండ్లు ఆ మాట నిలిచెను.

దీనిని సందేహించినవారు హార్వేకు ముందును కొందరుండిరి. పదమూడవ శతాబ్దములో ఇబ్న్ అల్ నఫీస్ అను అరబ్బు వైద్యుడు, గుండె గోడలో రంధ్రములు లేవనియు, రక్తము ఊపిరితిత్తుల గుండ పోయియే ఎడమ ప్రక్కకు చేరుననియు వ్రాసెను. పదునారవ శతాబ్దములో మైఖేల్ సెర్వీటస్ అను స్పెయిను దేశస్థుడు అదే సంగతిని తన వేదాంత గ్రంథములో వ్రాసెను. ఈ సెర్వీటస్ త్రిత్వ సిద్ధాంతమును కాదనినందున 1553వ సంవత్సరము అక్టోబరు 27వ తేదీన జెనీవా పట్టణములో సజీవముగా దహింపబడెను. ఆయనను రక్తమును గూర్చిన మాటకై చంపలేదు, నిజమే. గాని ఆ పట్టణము సంస్కరణ సంఘమువారి పట్టణము, మన ప్రొటెస్టెంటు పితరుల పట్టణము. ఆయన పుస్తకములును కాల్చివేయబడగా మూడు ప్రతులు మాత్రమే మిగిలెను. తప్పు బోధను వాదముతో గెలువవలెను గాని మంటతో కాదని మన సంఘములు నేర్చుకొనుటకు చాల కాలము పట్టెను. ఈ సంగతిని దాచక చెప్పుట మంచిదని తలంచుచున్నాము.

జంతువుల యొద్ద నేర్చుకొనుట

హార్వే తన గ్రంథములకంటె జీవుల దేహములనే ఎక్కువగా చదివెను. గొఱ్ఱె, కుక్క, పంది మొదలగు వెచ్చని రక్తముగల జంతువుల గుండె మిక్కిలి వేగముగా కొట్టుకొనుచుండుట వలన, ఎప్పుడు ముడుచుకొనుచున్నదో ఎప్పుడు విప్పుకొనుచున్నదో కనిపెట్టుట ఆయనకు సాధ్యము కాలేదు. ఈ మర్మము దేవునికి తప్ప మరి ఎవరికిని తెలియదేమో అని తొలుత ఆయన నిరాశపడెను. అయినను విడిచిపెట్టలేదు. కప్పలు, పాములు, చేపలు, నత్తలు, పీతలు మొదలగు చల్లని రక్తముగల జీవులను పరీక్షింపసాగెను. వాటి గుండె మెల్లగా కొట్టుకొనును. థేమ్స్ నదిలో దొరకు ఒక చిన్న రొయ్య దేహము గాజువలె పారదర్శకముగా నుండుట చేత, లోపలి గుండె ఆడుటను బయటినుండియే చూడగలిగెను. కోడి పొదిగిన గ్రుడ్డును నాలుగవ ఐదవ దినములలో తెరచి, అందులో ఒక ఎర్రని చుక్క కనబడుచు మాయమగుచు ఎగిరిపడుటను చూచెను. ఇంకను రూపమేర్పడని ఆ పిల్లకు అదియే గుండె.

ఈ పరీక్షలలో ఆయన బ్రదికియున్న జంతువులను కోసెను. మత్తుమందుతో నొప్పి తెలియకుండ చేయు విద్య 1846 వరకు వాడుకలోనికి రాలేదు. ఆ మూగ జీవుల బాధ మనకు కష్టము కలిగించును. వాటి బాధ వలన మనకు కలిగిన మేలును మరువకుండుటయు, నేడు అక్కరలేకుండ ఏ జీవిని హింసింపకుండుటయు మన ధర్మము.

ఇట్లు చూడగా చూడగా ఆయనకు ఒక సంగతి తేటపడెను. గుండె ముడుచుకొనునప్పుడే పని చేయుచున్నది. అది పిడికిలివలె బిగుసుకొని రక్తమును ధమనులలోనికి నెట్టుచున్నది. మణికట్టు దగ్గర మనకు తగులు నాడి ఆ నెట్టుడే.

ఒక చిన్న లెక్క

తరువాత హార్వే చేసిన పని మిక్కిలి సులువైనది. అయినను అంతవరకు రక్తమును గూర్చి ఆ లెక్క కట్టి చూపినవారు లేరు. చనిపోయిన మనుష్యుని గుండె ఎడమ గదిలో రెండు ఔన్సులకు పైగా రక్తము పట్టుటను ఆయన చూచెను. ఒక్కొక్క కొట్టుకు అందులో అర ఔన్సు మాత్రమే బయటికి పోవుననుకొందము. అరగంటలో గుండె వేయిసార్లకు పైగానే కొట్టుకొనును. వేయిసార్లే అని లెక్కించినను అరగంటకు 500 ఔన్సులగును. మన తూకములో అది సుమారు 14 లేక 15 కిలోలు. అంత రక్తము మనుష్యుని దేహము మొత్తములోనే లేదు. పెద్దవానిలో ఉండునది సుమారు ఐదు లీటర్లు మాత్రమే. ఎద్దును కోయు కసాయివాడు కంఠపు ధమనులను తెంచినయెడల పావుగంట లోపుననే దేహమంతయు రక్తము లేక ఖాళీయగుననియు ఆయన గుర్తుచేసెను.

అట్లయిన అరగంటకు పదునాలుగు కిలోల రక్తము ఎక్కడనుండి వచ్చును? అంత అన్నము ఎవరు తినగలరు? రక్తము ఇంకిపోవుచున్నదను మాట నిలువదు. అదే రక్తము పోయి తిరిగి వచ్చుచుండవలెను. తడి నేలలోని నీరు ఆవిరియై, వానయై కురిసి, మరల నేలను తడుపు విధమును హార్వే దీనికి పోలికగా చెప్పెను. ప్రసంగి గ్రంథము మొదటి అధ్యాయములో నదుల సంగతి చదివినవారికి ఈ పోలిక వెంటనే బోధపడును.

ఇప్పటి లెక్క ప్రకారము, నెమ్మదిగా కూర్చున్న మనుష్యుని గుండె కొట్టుకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తమును నెట్టును. నిమిషమునకు సుమారు 70 కొట్లు. అనగా నిమిషములో ఐదు లీటర్లు. ఒంటిలోని రక్తమంతయు నిమిషమునకు ఒకసారి చుట్టి వచ్చుచున్నదన్నమాట. హార్వే కావలెననియే తక్కువ లెక్క వేసెను. తక్కువ లెక్కతోనే పాత బోధ కూలిపోయెను.

చేతికి కట్టు కట్టి చూచుట

లెక్కతో తృప్తిపడక ఆయన కంటికి కనబడు రుజువును చూపెను. సన్నని దేహమును ఉబ్బిన నరములును గల మనుష్యుని మోచేతికి పైన గుడ్డతో మిక్కిలి గట్టిగా కట్టెను. అప్పుడు కట్టుకు క్రింద నాడి ఆగిపోయి, చెయ్యి చల్లబడెను. కట్టును కొంచెము వదులు చేయగా లోతుననున్న ధమనిలో రక్తము దిగి వచ్చెను గాని, పైపైననున్న సిరలలో రక్తము వెనుకకు పోలేక చెయ్యి ఎర్రబడి ఉబ్బెను. అనగా రక్తము ధమనులలో దిగి వచ్చి సిరలలో ఎక్కి పోవుచున్నది.

అట్లు ఉబ్బిన సిర మీద అక్కడక్కడ ముడులు కనబడును. అవియే ఫాబ్రీషియస్ చూపిన తలుపులు. ఒక వ్రేలితో సిరను నొక్కిపట్టి, రెండవ వ్రేలితో రక్తమును పైకి, పై ముడిని దాటునంతవరకు రాచినయెడల నడుమనున్న భాగము ఖాళీయై అట్లే నిలుచును. పైనుండి రక్తము దిగి రాదు. క్రింది వ్రేలు తీయగానే క్రిందినుండి నిండును. ఆ తలుపులు గుండెవైపునకు మాత్రమే తెరచుకొనును. గురువు చూచియు గ్రహింపనిది ఇదియే. పొలములో పనిచేయు మన సహోదరుల ముంజేతి మీద ఈ రెండు వ్రేళ్ల పరీక్షను ఎవరైనను కట్టు లేకుండనే చేసి చూడవచ్చును.

పుస్తకము, ఎదిరింపు

హార్వే త్వరపడలేదు. తొమ్మిదేండ్లకు పైగా తోటి వైద్యులకు చూపించి, వారి ప్రశ్నలకు జవాబు చెప్పి, ఆ తరువాతనే 1628లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమున లాటిను భాషలో పుస్తకమును అచ్చువేయించెను. అది 72 పుటల చిన్న పుస్తకము. అచ్చు తప్పులును అనేకము. అప్పటికి ఆయనకు ఏబది ఏండ్లు. మనుష్యులందరు తనకు శత్రువులగుదురేమో అను భయమును ఆయన ఆ పుస్తకములోనే వ్రాసికొనెను.

భయపడినట్లే జరిగెను. ఆయనకు మతి చలించినదని జనులు చెప్పుకొనిరి. ఆయన యొద్దకు వచ్చు రోగులు తగ్గిపోయిరి. 1630లో ప్రింరోజ్ అను వైద్యుడు ఆయనకు విరోధముగా పుస్తకము వ్రాసెను. పారిసు నగరపు పండితుడైన రియోలాన్ చాల కాలము ఒప్పుకొనలేదు. 1636లో హార్వే జర్మనీకి పోయినప్పుడు, న్యూరెంబర్గులో హాఫ్‌మన్ అను పండితునికి స్వయముగా చూపించినను ఆయన నమ్మలేదు. హార్వే ఎవరిని దూషింపలేదు. రియోలానుకు 1649లో జవాబు వ్రాసినప్పుడు సహితము మర్యాద తప్పలేదు. సత్యము తన కాళ్ల మీద తాను నిలువగలదని ఆయన నమ్మకము. ఆయన బ్రదికియుండగానే చాలమంది వైద్యులు ఆ సంగతిని అంగీకరించిరి.

ఒక్క కొరత మాత్రము మిగిలెను. ధమనుల చివర రక్తము సిరలలోనికి ఎట్లు దాటుచున్నదో ఆయన చూడలేకపోయెను. ఆయన చనిపోయిన నాలుగేండ్లకు, 1661లో, మాల్పీగీ అను ఇటలీ దేశస్థుడు సూక్ష్మదర్శిని క్రింద కప్ప ఊపిరితిత్తులను చూచి, తలవెండ్రుకకంటె సన్నని నాళములను కనుగొనెను. వాటిని కేశనాళికలందురు. హార్వే చూడక నమ్మినదానిని మాల్పీగీ చూచెను.

ఆ తరువాత కొంత కాలమునకు స్టీఫెన్ హేల్స్ అను పల్లె గురువు, టెడ్డింగ్టన్ గ్రామ సంఘపు కాపరి, గుఱ్ఱపు ధమనిలో ఇత్తడి గొట్టమును, దానికి పొడవైన గాజు గొట్టమును అమర్చి, రక్తము ఎనిమిది అడుగులకు పైగా ఎగబ్రాకుటను చూచెను. దానిని 1733లో ప్రచురించెను. నేడు ఆసుపత్రిలో రక్తపు పోటు చూచు పద్ధతికి మూలము ఆ సంఘ కాపరి పరీక్షయే.

సకల జీవులలో రక్తపు పని

రక్తము ఏమి మోయుచున్నది? ఊపిరితిత్తులనుండి ప్రాణవాయువును అవయవములకు మోయును. అక్కడ పుట్టిన చెడుగాలిని తిరిగి తెచ్చును. ప్రేగులలో అరిగిన ఆహారపు సారమును ముందుగా కాలేయమునకు, అటుపిమ్మట దేహమంతటికి చేర్చును. మలినములను మూత్రపిండములకు అప్పగించును. ఒంటి వేడిని అంతట పంచును. రోగముతో పోరాడు తెల్ల కణములను గాయమున్నచోటికి నడిపించును.

ఈ పని అన్ని జీవులలో ఒకే తీరున జరుగదు. చేప గుండెకు రెండు గదులు. రక్తము గుండెనుండి మొప్పలకు పోయి, అక్కడ నీటిలోని ప్రాణవాయువును తీసికొని, అటునుండియే దేహమంతయు తిరిగి గుండెకు వచ్చును. కప్పకు మూడు గదులు. అది చర్మముతోను గాలి పీల్చును. పాముకును బల్లికిని మూడు గదులే గాని నడుమ సగము గోడయున్నది. మొసలికి నాలుగు గదులు. పక్షులకును, పశువులకును, మనుష్యులకును నాలుగు గదులు ఉండుట వలన, శుభ్రమైన రక్తము చెడు రక్తముతో కలియక రెండు బాటలలో నడుచును. ఒకటి ఊపిరితిత్తులకు, ఒకటి దేహమునకు.

బొద్దింక, మిడత మొదలగు పురుగుల సంగతి వేరు. వాటి రక్తము నాళములలో బందీగా నుండక, దేహపు ఖాళీలలోనికి పొర్లి అవయవములను తడుపును. వాటి రక్తము ఆహారమును మోయును గాని గాలిని మోయదు. గాలి వాటి ప్రక్కలనున్న చిన్న రంధ్రములనుండి సన్నని గొట్టముల ద్వారా నేరుగా లోపలికి పోవును. అందుచేతనే నలిపిన బొద్దింకలో ఎర్రని నెత్తురు కనబడదు. రొయ్యల, పీతల రక్తములో ఇనుమునకు బదులు రాగి గాలిని మోయును. గనుక ఆ రక్తము గాలి తగిలినప్పుడు లేత నీలముగా నుండును. దున్నిన చాలులో కనబడు వానపాము రక్తము మనదానివలె ఎర్రనిది, నాళములలోనే తిరుగును. ఏనుగు గుండె నిమిషమునకు సుమారు 30 సార్లు కొట్టుకొనగా, చిట్టెలుక గుండె 500 సార్లకు పైగా కొట్టుకొనును. ఒక్క పని నిమిత్తము ఇన్ని ఏర్పాట్లు.

మంత్రగత్తెలను నింద, యుద్ధము, అంత్యకాలము

1634లో లాంకషైరు ప్రాంతమున ఒక బాలుడు కొందరు స్త్రీలు మంత్రగత్తెలని సాక్ష్యము చెప్పగా న్యాయస్థానము వారిని దోషులుగా ఎంచెను. న్యాయాధిపతికి సందేహము కలిగి రాజునకు తెలియజేసెను. వారిలో నలుగురిని లండనునకు తెచ్చిరి. సాతాను గుర్తులు వారి ఒంటి మీద ఉన్నవేమో చూడవలెనని శస్త్రవైద్యులకును మంత్రసానులకును ఆజ్ఞ వచ్చెను. ఆ పరీక్షను నడిపించు బాధ్యత రాజవైద్యుడైన హార్వేకు అప్పగింపబడెను. ప్రకృతికి మించిన గుర్తు ఏదియు లేదని వారు తేల్చిరి. ఆ బాలుడు తాను కల్పించి చెప్పితినని ఒప్పుకొనెను. ఆ స్త్రీలు ఉరితీయబడలేదు. ఊరంతయు నమ్మిన నిందను, కండ్లు తెరచి చూచుట అను చిన్న పని ఓడించెను.

1642లో రాజునకును పార్లమెంటునకును యుద్ధము పుట్టగా హార్వే చార్లెసు రాజు వెంట నుండెను. అక్టోబరు 23వ తేదీన ఎడ్జ్‌హిల్ యుద్ధము జరుగునప్పుడు రాజకుమారులిద్దరిని ఆయన సంరక్షణలో ఉంచిరి. ఆయన వారితో ఒక కంచె చాటున కూర్చుండి పుస్తకము చదువుచుండగా దగ్గరలో గుండు పడెననియు, అప్పుడు చోటు మార్చుకొనెననియు చెప్పుదురు. ఆ యుద్ధ దినములలోనే లండనులోని ఆయన నివాసమును దోచుకొనిరి. పురుగుల పుట్టుకను గూర్చి ఎన్నో ఏండ్లు వ్రాసికొనిన కాగితములన్నియు పోయెను. తన నష్టములలో ఇదియే అన్నిటికంటె బాధాకరమని ఆయన తలంచెను. అయినను మిగిలినదానితో పని సాగించి, 1651లో జీవుల జననమును గూర్చి పెద్ద గ్రంథము వెలువరించెను. తన గ్రంథాలయమును వైద్యుల కళాశాలకు దానముగా ఇచ్చెను. 1654లో ఆ కళాశాలకు అధ్యక్షునిగా ఎన్నుకొనగా, వయస్సు మీరినదని వినయముతో విడిచిపెట్టెను.

1657వ సంవత్సరము జూన్ 3వ తేదీన, 79 ఏండ్ల వయస్సున, పక్షవాతము వచ్చి ఆయన మరణించెను. ఎసెక్సులోని హెంప్‌స్టెడ్ గ్రామ దేవాలయములో సమాధి చేసిరి. 1883లో, వైద్యుడైన లూకా జ్ఞాపక దినమైన అక్టోబరు 18వ తేదీన, వైద్యుల కళాశాలవారు ఆయన శేషములను అదే దేవాలయమందు పాలరాతి పెట్టెలో ఉంచిరి.

మనకు కలుగు పాఠము

మొదటిది పాముకాటు. చేతికి తగిలిన పాము విషము దేహమంతటిని చెరుపుటను హార్వే రక్త ప్రసరణకు రుజువుగా చూపెను. అట్లయిన గట్టిగా కట్టి ఆపవచ్చును గదా అని మనవారు త్రాడుతో బిగించుచున్నారు. ఆయన కట్టు పరీక్షనే మరల తలంచుడి. గట్టి కట్టు క్రింద నాడి ఆగి చెయ్యి చల్లబడెను. గంటల కొలది అట్లుంచినయెడల ఆ అవయవమే చచ్చును. గనుక బిగించి కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. కరచిన కాలిని గాని చేతిని గాని కదలకుండ కఱ్ఱకట్టుతో ఉంచి, రోగిని నడిపింపక, మంత్రము వేయించుటకు తిరుగక, నేరుగా ఆసుపత్రికి తీసికొని పోవలెను. అక్కడ ఇచ్చు విరుగుడు మందు గుఱ్ఱముల రక్తమునుండి తయారగుచున్నది. కొంచెము కొంచెముగా విషమెక్కించిన గుఱ్ఱపు రక్తములో దానిని ఎదిరించు శక్తి పుట్టును. విషమును మోసిన బాటనే విరుగుడును మోసికొని పోవును.

రెండవది రక్తదానము. 1667లో గొఱ్ఱెపిల్ల రక్తమును మనుష్యులకు ఎక్కించి చూచిరి. పిమ్మట రోగి ఒకడు చనిపోగా అది నిలిచిపోయెను. 1901లో లాండ్‌స్టైనర్ అను వైద్యుడు మనుష్యుల రక్తములో గుంపులున్నవని కనుగొనిన తరువాతనే అది క్షేమకరమైన వైద్యమయ్యెను. ఒకసారి తీసికొనునది 350 లేక 450 మిల్లీలీటర్లు మాత్రమే. ఆరోగ్యవంతులలో దాని నీటిభాగము ఒకటి రెండు దినములలోను, ఎర్ర కణములు కొన్ని వారములలోను మరల నిండును. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చును. అయినను కాన్పులో రక్తము పోయి తల్లి కొట్టుకొనుచుండగా, బలము తగ్గునని బంధువులే వెనుకకు తగ్గుట మేము చూచుచున్నాము. గాలెన్ చెప్పినట్లు రక్తము ఇంకి తరిగిపోవునది కాదు. ఇచ్చినకొలది దేహము మరల చేసికొనును.

మూడవది నింద. ఏ విధవరాలిమీదనైనను, ఏ వృద్ధుని మీదనైనను చేతబడి యనియు బాణామతి యనియు ఊరు వ్రేలు చూపినప్పుడు, సంఘస్థులు ఆ గుంపులో నిలువకూడదు. రోగిని వైద్యునికి చూపించి, నింద మోపినవానిని రుజువడుగవలెను. అన్నిటిని పరీక్షించుటను గూర్చి పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రికలో బోధించినది ఆరాధన దినమునకు మాత్రమే కాదు.

ఈ నెలలో కూడుకొనునప్పుడు ప్రతి సంఘమందును ఈ రెండు పనులు చేయుడని కోరుచున్నాము. పాము విరుగుడు మందు దొరకు దగ్గర ఆసుపత్రి ఏదో విచారించి, దాని పేరు గుడి తలుపు మీద వ్రాసిపెట్టుడి. రక్తమిచ్చుటకు ఇష్టపడు యౌవనస్థుల పేర్లను, వారి రక్తపు గుంపును ఒక పుస్తకములో వ్రాసి పెద్దల యొద్ద ఉంచుడి. అర్ధరాత్రి ఎవరో ఒక తల్లి కొరకు మన తలుపు తట్టబడును. ఆ గడియకు మనలను సిద్ధపరచుటకు దేవుడు కృప అనుగ్రహించును గాక. ఆమేన్.